గ్లాండు వేడి కెమెరాకు తెలియదు

మరమ్మతు పనిలో ఏఆర్ కళ్లద్దాల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. హెల్మెట్‌కు తగిలించే కళ్లద్దాల్లోనో, చేతిలోని ట్యాబ్లెట్‌లోనో యంత్రం మీద బాణం గుర్తు వేసి ‘ముందు ఈ నట్టు, తర్వాత ఆ నట్టు’ అని చూపించే ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఏఆర్ గురించే అడిగారు. మల్కాపురం, పరవాడ, ఆటోనగర్, కంచరపాలెం... విశాఖలో పానా పట్టేవాళ్లున్న ప్రతి చోటి నుంచీ ఎవరో ఒకరు రాశారు. నా ఉద్యోగ జీవితమంతా పంపులు, గేర్‌బాక్సులు, కన్వేయర్ల మధ్యే గడిచింది. ఇప్పుడు గాజువాకలో ఒక శిక్షణ షెడ్డులో అప్రెంటిస్ పిల్లలకు ఫిట్టింగ్ నేర్పుతున్నాను. అక్కడ ఈ కళ్లద్దాలూ, ట్యాబ్లెట్లూ ఉన్నాయి కాబట్టి పిల్లల చేత వాడించి గమనించిన సంగతులే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారిలో చాలామంది పేర్లు వేయవద్దన్నారు. అందుకే ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: కంచరపాలెంలో ఐటీఐ ఫిట్టర్ ట్రేడు చదువుతున్నాను. ఈ కళ్లద్దాలకు ఏది ఏ బోల్టో ఎలా తెలుస్తుంది? ఇది ఈమధ్యే వచ్చిందా? నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఈమధ్య వచ్చింది కాదు బాబూ. విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీలో 1990ల మొదట్లో టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ అనే పరిశోధకులు ఈ ఆలోచన చేశారు. విమానంలో వేసే తీగల కట్టలను అప్పట్లో పెద్ద పెద్ద చెక్క పలకల మీద పేర్చి కట్టేవారు. తీగ ఏ దారిన వెళ్లాలో పలక మీద గీసి ఉండేది. ఒక్కో రకం కట్టకు ఒక్కో పలక కావాలి. ఆ గీతలను కార్మికుడి కంటి ముందే చూపించగలిగితే ఏమీ గీయని పలక ఒక్కటే అన్నింటికీ సరిపోతుందని వారు అనుకున్నారు. 1992లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అన్న పేరు కూడా వారు పెట్టిందే. మరుసటి ఏడాది అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ ఫైనర్ బృందం లేజర్ ప్రింటర్ సర్వీసు చేసేవారికి దారి చూపే ఏర్పాటు ఒకటి తయారుచేసింది. ఆటల్లోకీ, ఫోన్లలోకీ తర్వాత వెళ్లింది గానీ ఈ విద్య పనివారి చేతుల కోసమే పుట్టింది. నాకు దీని మీద గౌరవం ఉండటానికి అదొక కారణం.

ఇక బోల్టు సంగతి. కెమెరాకు ముందుగా ఒక ఆనవాలు దొరకాలి. సులువైన పద్ధతి క్యూఆర్ స్టిక్కరు. ఆ చదరం ఎంత పెద్దగా, ఎంత వాలుగా కనిపిస్తోందో చూసి, తాను దానికి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో పరికరం లెక్కకడుతుంది. స్టిక్కరు నుంచి డిశ్చార్జి ఫ్లాంజి (నీరు బయటికి వెళ్లే పైపును బిగించే చోటు) ఎటువైపు, ఎంత దూరమో ముందే నమోదు చేసి ఉంటారు కాబట్టి బాణాన్ని అక్కడ గీస్తుంది. రెండో పద్ధతిలో స్టిక్కరు ఉండదు. యంత్రం త్రీడీ నమూనాలోని అంచులను కెమెరాలో కనిపించే అంచులతో సరిపోల్చుకుంటుంది. ఆ తర్వాత మనం తల ఎటు తిప్పినా బాణం ఆ బోల్టు మీదే నిలవాలి. అందుకోసం తల తిరగడాన్ని పసిగట్టే గైరోస్కోపు, కెమెరా కలిసి చుట్టూ ఉన్న వస్తువుల మూలలను, అంచులను గుర్తుపెట్టుకుంటూ, తామున్న చోటును ఎప్పటికప్పుడు సరిచూసుకుంటాయి. ఆవిరి కమ్మినా, గ్రీజు పడినా, చుట్టూ పరంజా కట్టినా ఆ పట్టు జారి బాణం పక్క బోల్టు మీదికి వెళ్లిపోతుంది. చూసేవారికి మాత్రం బాణం ఎప్పటిలా చక్కగా వెలుగుతూనే ఉంటుంది.

మా షెడ్డులో పక్కపక్కనే ఒకేలాంటి రెండు పంపులున్నాయి, ఏ, బీ అని. స్టిక్కర్లు అమర్చినవారు చదునుగా, శుభ్రంగా ఉందని వాటిని కప్లింగు గార్డుల మీద, అంటే పంపు, మోటారు షాఫ్టులు కలిసే చోట ఉండే మూతల మీద అంటించారు. ఆ రెండు షాఫ్టులనూ ఒకే వరసలోకి తెచ్చే అలైన్‌మెంట్ పాఠం రోజున పిల్లలు రెండు గార్డులూ విప్పి పక్కన పెట్టారు. సాయంత్రం బిగించేటప్పుడు అవి తారుమారయ్యాయి. మర్నాడు కళ్లద్దాలు బీ పంపును చూపించి ‘ఇది పంపు-ఏ, పని మొదలుపెట్టండి’ అన్నాయి. ఒక అమ్మాయి మాత్రం వంగి బేస్‌ఫ్రేము మీద గుద్దిన నంబరు చదివి ఆగింది. అప్పటి నుంచి విప్పే భాగం మీద స్టిక్కరు అంటించనివ్వడం లేదు. ఆ అమ్మాయి చేసిన పనినే ఇప్పుడు అందరి చేతా మొదటి మెట్టుగా చేయిస్తున్నాం: పంపు నంబరును పైకి చదివి చెప్పాకే కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. డ్రాయింగు చదవడం, సన్నటి తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజి చూడడం, సందులు కొలిచే పలుచటి రేకు అయిన ఫీలర్ గేజిని బలవంతం లేకుండా దూర్చడం ముందు నేర్చుకో. కళ్లద్దాలు వాడటం ఒక పూటలో వస్తుంది. అవి తప్పు చూపిస్తున్నాయని పసిగట్టడం ఈ మూడూ వచ్చినవాడికే సాధ్యం.

ప్రశ్న: మల్కాపురంలో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా పంపుల ఫిట్టర్‌గా కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాను. మా దగ్గరకు కెమెరా ఉన్న కళ్లద్దాలు తెచ్చారు. అవి పెట్టుకుని గ్లాండు ప్యాకింగు మార్చమంటున్నారు. దాన్ని రికార్డు చేసి, మెట్లుగా విడగొట్టి, కొత్త కుర్రాళ్లకు కళ్లద్దాల్లో చూపిస్తారట. నా పనిని నా చేతులతో నేనే అప్పగించినట్టవుతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఒప్పుకోవాలా, వద్దా?

జవాబు: మీ భయం న్యాయమైనదే తమ్ముడూ. ‘టెక్నాలజీ వస్తే అందరికీ మంచిదే’ అని మిమ్మల్ని ఊరడించి పంపించను. ముందు మీ పనిలో కెమెరాకు ఏది అందుతుందో, ఏది అందదో చూద్దాం. తెలియని పాఠకుల కోసం: షాఫ్టు పంపులోంచి బయటికి వచ్చే చోట నీరు ధారగా కారకుండా చుట్టూ పెట్టే తాడు రింగులే ప్యాకింగు. అవి కూర్చునే గూడు స్టఫింగ్ బాక్సు, వాటిని నొక్కి పట్టేది గ్లాండు, షాఫ్టు అరగకుండా దానికి తొడిగే గొట్టం స్లీవు.

పంపు ఆపారు. సక్షన్, డిశ్చార్జి వాల్వులు మూసి, కేసింగు ఖాళీ చేశారు. మోటారు స్విచ్చికి తాళం పడింది. గ్లాండు నట్లు విప్పి, కొక్కెంతో పాత ప్యాకింగు రింగులను ఒక్కొక్కటిగా లాగారు. ప్యాకింగుకు నీరు అందించే లాంటర్న్ రింగు ఎన్ని రింగుల తర్వాత వచ్చిందో లెక్కపెట్టుకున్నారు. బయటి నుంచి నీరు వచ్చే రంధ్రం కిందికే అది మళ్లీ రావాలి కదా. కొత్త ప్యాకింగు తాడును స్లీవు బయటి వ్యాసమంత లావు ఉన్న కడ్డీకి చుట్టి కోశారు. ఒక్కో రింగు అతుకును ముందు దాని అతుకు నుంచి 90 డిగ్రీలు తప్పించి పెట్టారు. ఇంతవరకు కళ్లద్దాలు చక్కగా చూపగలవు. అతుకులన్నీ ఒకే వరసలో పెట్టేసి, నీరు నేరుగా బయటికి కారే దారి చేసిపెట్టడం కొత్తవారు తరచూ చేసే తప్పు. రింగు రింగుకీ అతుకు ఎక్కడ రావాలో వెలుగు గీతతో చూపిస్తే ఆ తప్పు చాలావరకు పోతుంది. నేను నోటితో ఎంత చెప్పినా పోని తప్పు అది.

కానీ కొత్త రింగులు పెట్టే ముందు మీరు స్లీవును గోటితో గీరి చూశారు. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే గాడి పడినట్టే, స్లీవు మార్చాల్సిందే. కెమెరా ఆ గోటిని చూస్తుంది, తట్టుకోవడాన్ని చూడలేదు.

అసలు పని పంపు నడిపాక మొదలవుతుంది. గ్లాండు నట్లను వేళ్లతో బిగించి వదిలి, నీటిని ధారగా కారనిస్తారు. ఆరు పలకల నట్టును ఒక్క పలక మేర తిప్పి, అవతలి నట్టునూ అంతే తిప్పి, ఆగుతారు. ధార సన్నబడుతుంది. మళ్లీ ఒక పలక, మళ్లీ ఆగడం. చివరికి లెక్కపెట్టగలిగే చుక్కలు మిగులుతాయి. ఆ చుక్కలు ఆగిపోకూడదు. ప్యాకింగునూ స్లీవునూ చల్లబరిచి, ఒరిపిడి తగ్గించేది ఆ నీరే. చుక్క కూడా లేకుండా బిగించినవాడిని ఆ రోజు అందరూ మెచ్చుకుంటారు. ప్యాకింగు మాడి స్లీవు గీసుకుపోయిన రోజు షిఫ్టులో ఉన్నవాడు మాట పడతాడు. అందుకే మీరు షాఫ్టుకు దూరంగా, స్టఫింగ్ బాక్సు బయటి గోడకు చేతి వెనుక భాగం ఆనించి వేడి పెరుగుతోందా, నిలబడిందా అని చూస్తారు. ఇది చల్లటి నీటి పంపుల సంగతి. వేడి ద్రవమో, ఆమ్లమో నడిచే పంపు దగ్గర చేయి అటు పోనే కూడదు. వేడి చూసి, ఇంకో పలక బిగించాలో, అర పలక వదలాలో తేల్చుకుంటారు. చేయి ఆనించడం వీడియోలో ఉంటుంది. ఆ చేతికి ఏం తెలిసిందో ఉండదు.

ఇంకొకటుంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. పలకకూ పలకకూ మధ్య మీరు ఆగిన నిమిషాలు వీడియోలో ఖాళీగా కనిపిస్తాయి. ఎడిటింగ్ చేసేవారికి అది ఫిట్టర్ ఊరికే నిలబడిన సమయం. దాన్ని కత్తిరించేస్తారు. అప్పుడు కొత్త కుర్రాడి కళ్లద్దాల్లో ‘బిగించు, బిగించు, బిగించు’ అని మూడు మెట్లు వరసగా వస్తాయి. ప్యాకింగు సర్దుకోవడానికి ఇచ్చిన సమయమే లేకుండా పోతుంది. కాబట్టి ఆగడాన్ని కూడా ఒక మెట్టుగా పెట్టమనండి. దానికి సమయం వేయమనండి. ఏం గమనిస్తూ ఆగాలో మీ గొంతుతోనే చెప్పండి.

కొలంబియా విశ్వవిద్యాలయానికే చెందిన స్టీవెన్ హెండర్సన్, ఫైనర్ 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికా మెరైన్ దళం మెకానిక్‌ల చేత ఒక సాయుధ వాహనం టరెట్ (పైన తుపాకీ అమర్చే గూడు) లోపల, ఆ ఇరుకులో, ఏఆర్‌తో పని చేయించి చూశారు. పని ఉన్న చోటును వెతికి పట్టుకోవడం ఏఆర్‌తో త్వరగా అయిందని స్పష్టంగా తేలింది. మా షెడ్డులో నేను చూసిందీ అదే. చోటు దొరకడంలో చాలా సాయం అందుతుంది. బిగువు, వేడి, చప్పుడు, వాసన దగ్గరకు వచ్చేసరికి పక్కన అనుభవమున్న మనిషి ఉండాల్సిందే. అందువల్ల ఈ కళ్లద్దాలు వచ్చినంత మాత్రాన మీ పని వాటిదైపోదు. మీ పనిలో సగాన్ని చూసి అదే మొత్తమనుకునే యజమాని ఉంటే మాత్రం ప్రమాదముంది.

నా సలహా ఒప్పుకోమనే. మీరు కాదంటే ఆ మెట్లను మాన్యువల్ చూసి ఎవరో రాస్తారు. గ్లాండు ముందు ఎన్నడూ నిలబడని మనిషి రాసిన మెట్లను నమ్మి ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు నడుస్తున్న షాఫ్టు దగ్గర చేయి పెడతాడు. ఆ కుర్రాడి వేళ్ల కోసమైనా మీరు అక్కడ ఉండాలని నేను కోరుతున్నాను.

అయితే ఊరికే ఒప్పుకోకండి. మీతో పనిచేసే ఫిట్టర్లంతా కలిసి ఒక కాగితం రాసుకుని వెళ్లండి. మెట్ల కింద వాటిని తయారుచేసిన ఫిట్టరు పేరు ఉండాలి. మెట్టు తప్పనిపిస్తే మార్చే హక్కు మీకుండాలి. రికార్డింగుకు పట్టిన గంటలకు కూలీ ఇవ్వాలి. కొత్తవారికి ఈ పాఠం జరిగే మొదటి రోజుల్లో నేర్పేవారుగా మీరే పక్కన ఉండాలి, దానికి తగిన హోదా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ వీడియోను మీ వేగం కొలవడానికి గానీ, మీ మీద చర్యకు గానీ వాడబోమని రాసివ్వాలి. నోటిమాట మీద ఈ పని మొదలుపెట్టవద్దు. కాంట్రాక్టరు మారిన రోజున ఆ మాటకు సాక్షి ఎవరూ ఉండరు.

ప్రశ్న: పెదగంట్యాడలో ఉంటాను, మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. మా కొత్త ట్యాబ్లెట్‌ను యంత్రం వైపు పెడితే వాల్వు మూసి ఉందా, మోటారు ఆగి ఉందా అన్నది రంగుల్లో చూపిస్తుంది. షట్‌డౌన్‌లో పర్మిటు, తాళాలు, టెస్టింగ్ పూర్తయ్యేసరికి సగం షిఫ్టు పోతోంది. తెర మీద పచ్చ రంగు ఉంటే పని మొదలుపెట్టనివ్వవచ్చా?

జవాబు: వద్దు. ఎంత ఒత్తిడి ఉన్నా వద్దు.

ఆ పచ్చ రంగు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. వాల్వును తిప్పే యాక్చుయేటరుకు బిగించిన లిమిట్ స్విచ్చి, అంటే అది చివరిదాకా తిరిగిందని గుర్తు పంపే స్విచ్చి నుంచి వస్తోంది. యాక్చుయేటరు తిరిగిందని దానికి తెలుసు. వాల్వులో తిరిగే స్పిండిలుకూ, దారిని మూసే గేటుకూ మధ్య అతుకు విరిగి, గేటు పైనే ఉండిపోయినా దానికి తెలియదు. గేటు కింద తుప్పు బిళ్ల ఇరుక్కుని సందు మిగిలినా తెలియదు. మోటారు ఆగి ఉందన్న గుర్తు కూడా అంతే. అది ఇప్పుడు తిరగడం లేదని చెబుతుంది గానీ, కంట్రోల్ రూములో ఎవరైనా బటను నొక్కితే తిరగదని హామీ ఇవ్వదు. నెట్‌వర్కు నిలిచిపోతే తెర మీద మిగిలేది పాత పచ్చ.

మోటారు స్విచ్చికి వేసే తాళం పని చేసే మీ కుర్రాడి తాళమే అయి ఉండాలి, చెవి వాడి జేబులో ఉండాలి. టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తర్వాత మీ టెర్మినళ్ల మీద పెట్టి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి. ఆపైన స్టార్టు బటను నొక్కి, తిరగలేదని నిర్ధారించుకోవాలి. పైపులో అయితే డ్రెయిను తెరిచి కంటితో చూడాలి. ఇందులో ఏ మెట్టునూ తెర తీసేయలేదు.

సమయం మాత్రం ఆదా చేయవచ్చు. ఒక యంత్రానికి తాళం వేయాల్సిన చోట్లు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నది వెతకడానికే మీ సమయం ఎక్కువ పోతూ ఉంటుంది. పైపుల వెనుక, ప్లాట్‌ఫారం కింద ఉన్న ఆ వాల్వులన్నింటినీ ట్యాబ్లెట్‌తో వరసగా చూపించండి. ఒక్కో తాళం పడగానే ఫొటో తీసి పర్మిటుకు జతచేయించండి. దానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

ప్రశ్న: పరవాడ దగ్గర ఉంటాం. మా అబ్బాయి మందుల కంపెనీలో మెయింటెనెన్స్‌లో చేరాడు. గేటు దగ్గర ఫోను తీసేసుకుంటారు. ఇప్పుడేమో కెమెరా కళ్లద్దాలు పెట్టుకుని లోపలికి వెళ్తున్నానంటున్నాడు. ఫోను ప్రమాదమైతే ఇవి ప్రమాదం కావా? అడిగితే ‘నీకు తెలియదులే అమ్మా’ అంటున్నాడు.

జవాబు: మీకు తెలిసే అడిగారమ్మా. కంపెనీలో సేఫ్టీ మీటింగులో అడగాల్సిన ప్రశ్న ఇది. ఈ పేజీ మీ అబ్బాయి చేత చదివించండి.

మందుల తయారీలో టొల్యూన్, మిథనాల్, అసిటోన్ లాంటి ద్రావకాలు వాడతారు. టొల్యూన్ ఫ్లాష్ పాయింటు సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంతకు మించిన వేడిలో అది విడుదల చేసే ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకోగలదు. మన విశాఖ తీరంలో చలికాలం తెల్లవారుజామున కూడా అంత చల్లబడదు. కాబట్టి ద్రావకం బయటికి తెరుచుకునే ప్రతి చోటా ఆ ప్రమాదం ఏడాది పొడవునా ఉంటుంది. ఇలాంటి చోట్లను జోన్లుగా విభజిస్తారు. మండే ఆవిరి ఎప్పుడూ లేదా చాలాసేపు ఉండేది జోన్ 0. మామూలుగా పని జరిగేటప్పుడు అప్పుడప్పుడు వచ్చేది జోన్ 1. మామూలుగా రాకుండా, వచ్చినా కొద్దిసేపే ఉండేది జోన్ 2.

మామూలు ఫోను, మామూలు ట్యాబ్లెట్, మామూలు ఏఆర్ కళ్లద్దాలు ఈ జోన్ల కోసం చేసినవి కావు. లోపల బ్యాటరీ ఉంది, కిందపడితే పగిలి రవ్వ రావచ్చు. లోపం వచ్చినా ఆవిరిని అంటించేంత శక్తి బయటపడకుండా తయారుచేసిన ప్రత్యేక పరికరాలు ఉంటాయి. వాటి మీద ఏ జోన్‌కు పనికివస్తుందో, ఏ వాయువు గుంపుకు పనికివస్తుందో చెప్పే ‘ఈఎక్స్’ గుర్తు చెక్కి ఉంటుంది. మన దేశంలో పెట్రోలియం వాయువులున్న చోట వాడే విద్యుత్ పరికరాలకు నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో సంస్థ ఆమోదం ఇస్తుంది. మీ అబ్బాయి కళ్లద్దాల మీద ఆ గుర్తు ఉందో లేదో చూడమనండి. ఉంటే, అందులో రాసిన జోను, తాను పనిచేసే చోటి జోనూ సరిపోతున్నాయో లేదో సేఫ్టీ ఆఫీసరును అడగమనండి. గుర్తు ఉన్న పరికరమైనా సరే, బ్యాటరీని లోపల మార్చకూడదు. అద్దం చిట్లినా, మూత వదులైనా వెంటనే బయటికి తెచ్చి అప్పగించాలి. గుర్తు లేకపోతే ఆ కళ్లద్దాలు పెట్టుకోనని చెప్పే హక్కు అతనికుంది. ఇంట్లో మీరు వెనక ఉన్నారని తెలిస్తే ఆ మాట అనడానికి ధైర్యం వస్తుంది.

ప్రశ్న: గాజువాక. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని, నలభై దాటాయి, చదవడానికి అద్దాలు వాడతాను. అర్ధగంట ఏఆర్ కళ్లద్దాలు పెట్టుకుంటే తలనొప్పి వస్తోంది. ‘అలవాటైతే పోతుంది’ అంటున్నారు. పోతుందా?

జవాబు: పూర్తిగా పోతుందని నేను చెప్పలేనమ్మా, ఎందుకంటే కారణం మీలో లేదు. మైక్రోసాఫ్ట్ వారి హోలోలెన్స్ 2 లాంటి కళ్లద్దాల్లో బొమ్మ కంటికి దాదాపు 2 మీటర్ల దూరంలో ఉన్నట్టు ఫోకసు పెట్టి ఉంటుంది. మీరు తిప్పే స్క్రూ చేతికందే దూరంలో ఉంటుంది. స్క్రూ చూడటానికి ఒక ఫోకసు, దాని మీద బాణం చూడటానికి ఇంకో ఫోకసు. కన్ను రెండింటి మధ్యా లాగులాడుతుంది. నలభై దాటిన కంటికి ఆ సర్దుబాటు ఇంకా కష్టం. పైగా ఆ కళ్లద్దాల బరువు 566 గ్రాములు. మే నెల ఉక్కపోతలో చెమట నుదుటి పట్టీ కిందికి దిగుతుంటే ఆ బరువు రెట్టింపనిపిస్తుంది.

ఒక మెట్టు చూసుకుని, అద్దాన్ని పైకి ఎత్తి, పని చేసి, మళ్లీ దించి చూసుకోండి. ఏకధాటిగా చూడాల్సిన అవసరం లేదు. దగ్గరి పనికి ట్యాబ్లెట్‌ను అయస్కాంతపు స్టాండుతో ప్యానెలుకు అతికించుకుంటే ఇంకా మేలు. కంటి డాక్టరును ఒకసారి కలిసి, మీ పని దూరం ఎంతో కొలిచి చెప్పండి. తలనొప్పి వచ్చిందని రిజిస్టరులో రాయించండి కూడా. ‘ఈమె నెమ్మది’ అన్న ముద్ర మీ మీద పడనివ్వకండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు నాది, పనివారు ముగ్గురు. మిషను అమ్మిన కంపెనీ ఏడాది చందా కడితే ఏఆర్‌తో దూరం నుంచే సర్వీసు చేయిస్తామంటోంది, కళ్లద్దాలు కూడా కొనమంటోంది. కొనాలా?

జవాబు: కళ్లద్దాలు కొనకండి. ఈ రంగంలో పరికరాలు ఎంత త్వరగా మాయమవుతాయో చూడండి. గూగుల్ తన గ్లాస్ కళ్లద్దాల్లో పరిశ్రమల కోసం చేసిన రకం అమ్మకాన్ని 2023 మార్చిలో ఆపేసింది. హోలోలెన్స్ 2ను 2019లో 3,500 డాలర్ల ధరతో ప్రకటించారు. 2024లో దాని తయారీ ఆగింది. భద్రతా అప్‌డేట్లు 2027 చివరి దాకా మాత్రమే. ముగ్గురు పనివారున్న షాపు ఆ భారం ఎత్తుకోకూడదు.

ఆ సర్వీసులో మీకు పనికివచ్చేది వేరే ఉంది. మీ కుర్రాడు ఫోను కెమెరాతో మిషను చూపిస్తాడు. అవతల ఇంజినీరు దృశ్యాన్ని ఆపి, ‘ఈ కనెక్టరు’ అని దాని చుట్టూ సున్నా చుడతాడు. ఆ సున్నా మీ తెర మీద అక్కడే నిలిచి ఉంటుంది. ఎర్ర తీగ పక్కన నల్ల పెట్టె, దాని కింద రెండోది అంటూ ఫోనులో అరుచుకునే బాధ తప్పుతుంది. ఇంజినీరు బెంగళూరు నుంచో చెన్నై నుంచో వచ్చేదాకా మిషను ఆగి ఉండే రోజులు తగ్గుతాయి. దానికి మీ ఫోను, ఒక స్టాండు చాలు.

చందా కట్టే ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టించండి. రికార్డయిన వీడియోలు మీవి కూడా కావాలి. చందా ఆపినా పాత సర్వీసు మెట్లు మీ దగ్గర ఉండాలి. నెట్ లేని పూట కూడా అవి తెరుచుకోవాలి. వాళ్లు రాసివ్వకపోతే మామూలు వీడియో కాల్‌తోనే నెట్టుకురండి.

ప్రశ్న: గోపాలపట్నం. హెల్పరుగా చేరాను. తెర మీద వచ్చేదంతా ఇంగ్లిషులోనే ఉంది. బాణం చూసి చేసేస్తున్నాను గానీ పక్కన రాసిన హెచ్చరిక ఏమిటో తెలియడం లేదు. అడిగితే చులకనగా చూస్తారేమోనని అడగలేదు.

జవాబు: అడగండి, ఈ రోజే అడగండి. హెచ్చరిక అర్థం కాని పనిని ఆపడం మీ బాధ్యత. అది తెలుగులో రాలేదంటే లోపం ఆ మెట్లు తయారుచేసినవారిది.

తయారుచేసేవారికి కూడా ఒక మాట. తెలుగు చేర్చమని అడగ్గానే చాలామంది మొత్తం మాన్యువల్‌ను అనువాదానికి పంపిస్తారు. తిరిగి వచ్చేది షెడ్డులో ఎవరికీ అర్థం కాదు. అలా చేయకండి. ఆ పని రోజూ చేసే ఫిట్టరును యంత్రం పక్కన నిలబెట్టి, కుర్రాడికి చెప్పినట్టే చెప్పమని గొంతు రికార్డు చేయండి. ఒక మెట్టుకు ఒక వాక్యం. హెచ్చరిక ఉంటే అది బాణం కంటే ముందు వినిపించాలి, తర్వాత కాదు. ఎంత బలంతో బిగించాలో చెప్పే టార్కు లాంటి అంకెలు తెర మీద పెద్దగా కనిపించాలి, ఎందుకంటే మోటార్ల హోరులో చెవి అంకెను తప్పు వింటుంది. ఆ తర్వాత ఆ పని ఎన్నడూ చేయని ఒక హెల్పరుకు ఇచ్చి, తాళం వేసిన యంత్రం మీద చేయమని, మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడండి. అతని చేయి ఎక్కడ ఆగిందో అక్కడి మెట్టును మళ్లీ రాయండి.